తిప్పే కంపోస్టు బిన్ను కొన్నాను, లోపల ఎరువుకి బదులు లడ్డూలు తయారవుతున్నాయి

కుండీల_కల్యాణి
ఐదు వారాల కిందట ఆన్‌లైన్‌లో ఈ గుండ్రంగా తిప్పే బిన్ను తెప్పించాను. 160 లీటర్లది, మధ్యలో అడ్డు, రెండు అరలు, పక్కకి జరిపే రెండు తలుపులు. కూకట్‌పల్లిలో మాది సొంత ఇల్లు, మిద్దె మీద ఓ 60 కుండీలున్నాయి. ఎరువు సంచులు కొనీ కొనీ విసుగొచ్చి ఇది తీసుకున్నా. పెట్టె మీద 14 రోజుల్లో ఎరువు అని పెద్ద అక్షరాలతో రాసుంది.

బిగించడానికే ఒక ఆదివారం పోయింది. మా ఆయన, మా అబ్బాయి, నేను ముగ్గురం కూర్చుంటే నాలుగు గంటలు పట్టింది. ఎనిమిది పలకలు, రెండు పక్క మూతలు, కాళ్లు, మధ్యలో ఇరుసు పైపు, గుప్పెళ్ల కొద్దీ స్క్రూలు. కాగితంలో బొమ్మలే తప్ప ఒక్క మాట లేదు. మొదట ఒక పలక తిరగేసి బిగించాం, లోపలికి ఉండాల్సిన రెక్కలు బయటికొచ్చాయి, మళ్లీ విప్పాం. అంతా అయ్యాక మూడు స్క్రూలు మిగిలాయి. ఎక్స్‌ట్రా ఇచ్చారులే అన్నారు మా ఆయన.

ఇప్పుడు అసలు బాధ. రోజూ కూరగాయల తొక్కలు, పళ్ల తొక్కలు, టీ పొడి వేస్తున్నా. పొడి సరుకు ఉండాలంటారు కదా అని కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కూడా వేస్తున్నా. పొద్దున 20 చుట్లు, సాయంత్రం 20 చుట్లు తిప్పుతున్నాం. తలుపు తీస్తే లోపల నిమ్మకాయంత నుంచి కొబ్బరికాయంత దాకా నల్లటి ఉండలు. పగలగొట్టి చూస్తే మధ్యలో క్యారెట్ తొక్క నిన్న వేసినట్టే ఉంది. కంపు. లావుపాటి తెల్ల పురుగులు. నిన్న పక్కింటావిడ పిట్టగోడ మీంచి తొంగిచూసి "ఏదైనా చచ్చిందా అండీ" అని అడిగింది. దారేమైనా ఉందా, పాత సామాన్లవాడికి ఇచ్చేయమంటారా?

పప్పులో_కాలు
కొబ్బరికాయంత లడ్డూ అంటే తాపేశ్వరం వాళ్లు కూడా ఆలోచనలో పడతారు.

బీచ్‌రోడ్_రాధ
స్క్రూలు ఎక్స్‌ట్రా ఇచ్చేంత మంచి మనసు ఏ కంపెనీకీ ఉండదండీ. ఆ మూడూ ఎక్కడివో ముందు చూడండి. మాది వైజాగ్, నా దగ్గరా ఇలాంటిదే ఉంది, మూడేళ్లయింది. నాకు మిగిలిన స్క్రూ తలుపు గాడిది, నెల తిరక్కుండానే తలుపు ఊడి చెత్తంతా నా కాళ్ల మీద పడింది.

పేడనీళ్లు
ఎంత పెట్టి కొన్నారో చెప్పలేదు, చెప్పకపోవడంలోనే తెలిసింది లెండి. మా దిక్కు (వరంగల్ పక్కన పల్లె) ఇంటెనక పెంటకుప్ప ఉంటది. పేడ, గడ్డి, ఊడ్చిన చెత్త అన్నీ అందులోనే. తిప్పేదెవరూ లేరు, తలుపులూ లేవు, స్క్రూలూ లేవు. ఎండాకాలంలో బండ్ల మీద పొలానికి తోలితే బంగారంలా ఉండేది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గిరగిరా తిప్పితే చెత్తకి కళ్లు తిరుగుతాయి తప్ప ఎరువు కాదు.

కుండీల_కల్యాణి
@పేడనీళ్లు మూడో అంతస్తు మిద్దె మీద పెంటకుప్ప పెడితే మా అత్తయ్య నన్ను కూడా అందులోనే వేస్తారండీ.

డ్రమ్ము_మూర్తి
విజయవాడ నుంచి. రిటైరయ్యాక నాకు ఇదే పని, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

నేను కొన్నది కాదు, చేయించుకున్నది. 200 లీటర్ల నీలం డ్రమ్ము పాతది కొన్నా. కొనేటప్పుడు అందులో ఇదివరకు ఏముండేదో అడగాలి. పళ్లరసం, చక్కెర పాకం లాంటి తిండి సరుకు నింపినవైతే సరే, రసాయనాలవి అయితే ఎంత కడిగినా వద్దు. డ్రమ్ము నడుమ నుంచి అడ్డంగా ఒక జీఐ పైపు దూర్చి, రెండు వైపులా యాంగిల్ ఇనుముతో ఇంగ్లీషు A అక్షరం ఆకారంలో కాళ్లు వెల్డింగ్ చేయించా. పక్కన తలుపు కోసి కబ్జాలు, గొళ్లెం పెట్టా. డ్రిల్లుతో చుట్టూ 10 ఎంఎం బెజ్జాలు. బెజ్జాలకి లోపలి నుంచి దోమల జాలీ ముక్కలు అంటించా, లేకపోతే ఈగలు అక్కడే కాపురం పెడతాయి.

మొదటి డ్రమ్ములో నేను చేసిన తప్పు ఏంటంటే నిండా నింపేశా. తిప్పుదామంటే కదల్దు. ఇద్దరం కలిసి బలవంతాన తిప్పితే పైపు వంగింది. ముప్పావు వంతు దాటితే లోపల సరుకు దొర్లడానికి చోటుండదు, మొత్తం ఒకే ముద్దలా తిరుగుతుంది. దొర్లకపోతే గాలి ఆడదు. గాలి ఆడకపోతే కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఇంకో రకం వాసన ఉంది, ముక్కులు మండేది, శుభ్రం చేయని బాత్రూం లాంటిది. అది వస్తే పచ్చి సరుకు ఎక్కువైందని, ఎండుటాకులు వేయాలని. ఈ రెండింటిలో మీకేది వస్తోందో ముందు చెప్పండి.

కుండీల_కల్యాణి
కోడిగుడ్డు రకం. అప్పుడప్పుడు పుల్లటి వాసన కూడా, పాత ఇడ్లీ పిండి లాగా.

ఆకుపచ్చ_అనిల్
ఒక్క ప్రశ్న. కోకోపీట్ ఎలా వేస్తున్నారు? నానబెట్టా?

కుండీల_కల్యాణి
నానబెట్టకుండా ఎలా వేస్తాం? ఇటుకలా ఉంటుంది కదా బ్లాకు. 5 కిలోల బ్లాకు టబ్బులో వేసి నీళ్లు పోస్తే పొంగుతుంది, అందులోంచి రోజూ రెండు చేతులనిండా వేస్తున్నా.

పప్పులో_కాలు
దొంగ దొరికాడు.

ఆకుపచ్చ_అనిల్
అవును, దొరికాడు. ఆ బ్లాకు పూర్తిగా పొంగాలంటే 20 లీటర్ల పైనే నీళ్లు తాగుతుంది. మీరు పొడి సరుకు అనుకుని వేస్తున్నది నిజానికి నీళ్లు. కూరగాయల తొక్కల్లో ఎలాగూ 80, 90 శాతం నీళ్లే. తడికి తడి కలిపి, మెత్తటి పొట్టు చేర్చి రోజుకి 40 చుట్లు తిప్పుతున్నారు. సున్నుండలు చుట్టేటప్పుడు చేసేదీ అదే కదా, మెత్తటి పిండి, దానికి తగిన తడి, గుండ్రంగా తిప్పడం.

లోపల తడి ఎంతుండాలంటే గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపించాలి, అంతే. కారితే ఎక్కువ, చెయ్యి తెరవగానే పొడిపొడిగా రాలిపోతే తక్కువ. శాతంలో అడిగేవాళ్లకి, 50 నుంచి 60.

ఇంకోటి, కోకోపీట్ పొడిగా వేసినా అదొక్కటే చాలదు. అందులో లిగ్నిన్ (చెక్కకి గట్టిదనం ఇచ్చే పదార్థం) ఎక్కువ, చాలా నిదానంగా చివుకుతుంది. పైగా మెత్తగా ఉండటం వల్ల సందులు పూడిపోతాయి. మీకు కావాల్సింది గరుకు సరుకు, ఎండుటాకులు, చిదిపిన పుల్లలు, చింపిన అట్టపెట్టెలు. బకెట్టు తడి చెత్తకి రెండు బకెట్లు ఎండుటాకులు. కర్బనం 25, 30 పాళ్లకి నత్రజని ఒక పాలు అని పుస్తకాల్లో ఉంటుంది, దాన్ని వంటింట్లో కొలవలేం కాబట్టి ఈ బకెట్ల లెక్క.

కుండీల_కల్యాణి
అయ్యో. టబ్బులో ఇంకా సగం ఉంది నానబెట్టింది.

బీచ్‌రోడ్_రాధ
ఆరబెట్టి కుండీల్లో మట్టిలో కలిపేయండి, దేనికైనా పనికొస్తుంది.

డ్రమ్ము_మూర్తి
అనిల్ గారు చెప్పింది కరెక్టు. ఉండలు పగలడానికి నాదొక చిట్కా, బాగా ఎండిన మామిడి టెంకలు ఐదారు లోపల వేసి తిప్పండి. గిర్రున తిరుగుతూ ఉండల్ని కొడతాయి. నేను వేసవిలో దాచిపెట్టుకుంటా. అవి ఎలాగూ చివకవు, చివర్లో జల్లెడ పడితే పైన మిగుల్తాయి, మళ్లీ వేసుకోవచ్చు.

ఆకుపచ్చ_అనిల్
మీది మందపాటి డ్రమ్ము మూర్తి గారూ. ఆవిడది పల్చటి పలకలు. టెంకలు ఒకటి రెండు చోట్ల తగిలితే కీళ్లు వదులవుతాయి. చేత్తో, గ్లవ్స్ వేసుకుని, ఒక్కసారి అన్ని ఉండల్నీ చిదిపి ఆకులు కలపడం నయం. కష్టమే, కానీ ఒక్కరోజు పని.

డ్రమ్ము_మూర్తి
ఆరేళ్లుగా వేస్తున్నా, నా డ్రమ్ముకి ఏమీ కాలేదు.

ఆకుపచ్చ_అనిల్
అదే అంటున్నా, మీ డ్రమ్ముకి.

డ్రమ్ము_మూర్తి
సరే సరే.

కొత్తగా_చేరా
నేను ఇదే బిన్ను కార్టులో పెట్టి మూడు రోజులైంది. ఈ చర్చ చదివాక తీసేద్దామా ఉంచుదామా తేలడం లేదు. ఆ పురుగుల సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు పురుగులంటే ప్రాణం పోతుంది.

ఆకుపచ్చ_అనిల్
తెల్లగా లావుగా, పట్టుకుంటే గట్టిగా ఉన్నాయంటే చాలావరకు బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలు. ఇంట్లో తిరిగే ఈగ కాదు అది, చూడ్డానికి నల్ల కందిరీగలా ఉంటుంది కానీ కుట్టదు. పెద్దదయ్యాక దాదాపు ఏమీ తినదు, గుడ్లు పెట్టి పోతుంది, కాబట్టి మన అన్నం మీద వాలే బాపతు కాదు. పురుగుగా ఉన్నప్పుడే తిండంతా. నిజానికి తడి చెత్తని అవి తిన్నంత వేగంగా ఇంకేదీ తినదు. బాగా ముదిరితే ముదురు గోధుమ రంగుకి మారి వాటంతట అవే పొడి చోటు వెతుక్కుంటూ బయటికి పాకుతాయి. ఎండుటాకులు పెంచి తడి తగ్గిస్తే అవీ తగ్గుతాయి.

కొత్తగా_చేరా
"బయటికి పాకుతాయి" అన్న చోట ఆగిపోయానండీ. కార్టులోంచి తీసేశా.

మట్టికుండ_మాలతి
బెంగళూరులో మేం అపార్ట్‌మెంటులో మూడు మట్టి కుండలు ఒకదాని మీద ఒకటి పెట్టి చేస్తున్నాం. పై కుండ నిండితే కిందికి దించడం, ఖాళీది పైకి. తిప్పక్కర్లేదు, వారానికోసారి కర్రతో కదిపితే చాలు. మట్టి కాబట్టి ఎక్కువ తడిని అదే పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ బిన్నులో ఆ సదుపాయం లేదు, లోపలి ఆవిరి మూతకి పట్టి మళ్లీ చుక్కలై కిందికే పడుతుంది. కోతులొచ్చి పై కుండ పగలగొట్టాయి ఒకసారి, అదొక్కటే కష్టం. కోతుల బెడద ఉన్నచోట గొళ్లెం ఉన్న తిప్పుడు బిన్నే మేలని ఒప్పుకుంటా.

డల్లాస్_గోంగూర
ఇక్కడ అమెరికాలో ఈ టంబ్లర్లు (తిప్పే బిన్నులు) చాలా పెరళ్లలో ఉంటాయి, కారణం ఎలుకలు, రకూన్లు అనే అడవి జంతువులు. నేలమీద కుప్ప పోస్తే తెల్లారేసరికి చెదరగొట్టి పోతాయి. మాకు ఎండుటాకుల కరువు లేదు, నవంబరు, డిసెంబరులో వీధి వీధంతా సంచుల్లో కట్టి రోడ్డు పక్కన పెడతారు. నేను కారులో తిరిగి ఏరుకొస్తుంటే మా ఆవిడ తల దించుకుని కూర్చుంటుంది. మొదట్లో మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు బిన్ను కనబడకూడదని నోటీసు ఇచ్చారు. టెక్సస్‌లో ఆకులు, గడ్డి ఇంట్లో కంపోస్టు చేసుకోవడాన్ని వాళ్లు పూర్తిగా ఆపకూడదని రాష్ట్ర చట్టంలోనే ఉంది, కాకపోతే ఎక్కడ పెట్టాలో చెప్పే హక్కు వాళ్లకుంది. వెనక ఫెన్సు పక్కకి జరిపా, గొడవ తీరింది.

చలికాలంలో బాగా మంచు పడ్డ వారం లోపలంతా గడ్డకట్టి డ్రమ్ము తిరగలేదు. వదిలేశా. మార్చిలో మళ్లీ దానంతట అదే లేచింది. దాని ఎరువుతోనే గోంగూర వేస్తున్నా, వీధిలో తెలుగు వాళ్లందరికీ మా ఇంటి నుంచే.

పప్పులో_కాలు
డల్లాస్ అన్నకి గోంగూర ఉంది, కల్యాణి గారికి సున్నుండలు ఉన్నాయి, ఎవరైనా నెయ్యి తెస్తే భోజనాలకి కూర్చుందాం.

కుండీల_కల్యాణి
రాధ గారూ, మీ మాట విని ఆ మూడు స్క్రూలు పట్టుకుని టార్చి వేసి చూశాం. రెండు, మధ్య అడ్డు పలకని ఇరుసుకి పట్టించేవి. బిగించకపోవడంతో పలక గాడిలో సరిగా కూర్చోలేదు, ఒక పక్క నాలుగు వేళ్లు పట్టేంత సందు. మూడోది ఏదో ఇంకా తెలీదు.

ఇక్కడ ఇంకో కథ ఉంది. రెండో అరని మా అత్తయ్య తీసేసుకున్నారు. దేవుడి పూలు, మారేడు దళాలు, తులసి ఎండినవి అన్నీ అందులో వేస్తారు. "నిర్మాల్యం తొక్కకూడదు, కోడిగుడ్డు పెంకులతో కలపకూడదు" అని మొదటి రోజే గీత గీశారు. సరే అని ఎడమ అర నాది, కుడి అర దేవుడిది అనుకున్నాం. ఇప్పుడీ సందులోంచి ఐదు వారాలుగా రోజుకి 40 చుట్లు చొప్పున రెండూ కలిసిపోతూనే ఉన్నాయన్నమాట. దయచేసి ఈ లింకు మా ఇంట్లో ఎవరికీ పంపకండి.

పప్పులో_కాలు
ఇలాంటి అత్యవసర సమాచారం మొదటి పోస్టులోనే ఇవ్వాలి.

బీచ్‌రోడ్_రాధ
నవ్వలేక చస్తున్నా. చెప్పానా, ఎక్స్‌ట్రా ఇవ్వరని!

మీరు ఎలాగూ విప్పుతారు కాబట్టి బిగించే పద్ధతి చెప్తా, కొత్తవాళ్లకీ పనికొస్తుంది. పలకలన్నీ కలిపేదాకా ఏ స్క్రూనీ గట్టిగా బిగించకూడదు. అన్నీ సగం దాకా ఎక్కించి వదిలేయాలి, ఎనిమిదో పలక కూర్చున్నాక అప్పుడు ఎదురెదురుగా ఉన్నవి ఒకటొకటిగా బిగించుకుంటూ రావాలి. మొదటి పలక దగ్గరే బలం చూపిస్తే చివరి పలక బెజ్జాలు కలవవు, అక్కడ మొగుడూ పెళ్లాల గొడవ మొదలవుతుంది. డ్రిల్ మెషీన్ వాడొద్దు, చేతి స్క్రూడ్రైవరే, ప్లాస్టిక్‌లో మర అరిగిందంటే ఇక పట్టదు. మా ఊళ్లో సముద్రపు గాలికి ఏడాది తిరక్కుండానే ఇచ్చిన స్క్రూలన్నీ తుప్పు పట్టాయి. పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్ షాపులో ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) స్క్రూలు, వాషర్లతో సహా తెచ్చి మొత్తం మార్చేశా. హైదరాబాదులో అంత అక్కర్లేదు గానీ వాషర్లు వేసుకోండి. ఇరుసు దగ్గర కిర్రుమంటే కాస్త ఆముదం.

ఆకుపచ్చ_అనిల్
పూలు కలవడం వల్ల ఎరువుకి నష్టమేం లేదు, అత్తయ్యగారి సంగతి మీరు చూసుకోవాలి. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. రెండు అరలు ఇచ్చేది ఒకటి నిండాక దాన్ని మూసేసి మగ్గనివ్వడానికి, ఈలోపు రెండోది నింపుకోవడానికి. రెండింట్లోనూ రోజూ కొత్తది పడుతుంటే ఏదీ ఎప్పటికీ పూర్తవదు. పూలదండల దారం తీసి వేస్తున్నారా? నైలాన్ దారమైతే ఇరుసుకి చుట్టుకుని బిగుసుకుంటుంది.

కుండీల_కల్యాణి
దారం ఆవిడే తీస్తారు, ఆ విషయంలో నాకంటే శ్రద్ధ. పూలకి వేరే మట్టి కుండ పెట్టమని అడిగి చూస్తా, మాలతి గారి పద్ధతిలో.

పేడనీళ్లు
పది మంది కలిసి ఒక డబ్బాకి వైద్యం చేస్తున్నారు. నాలుగు ఆకులు, గంప పేడ, ఒక గుంత. అంతే కదా.

ఆకుపచ్చ_అనిల్
గుంత ఉన్నవాళ్లకి అదే మంచిది అన్నా, నేనూ ఒప్పుకుంటా. కానీ తిప్పడం ప్లాస్టిక్ కంపెనీ వాళ్లు కనిపెట్టింది కాదు. 1920ల్లో ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త రూపొందించిన ఇండోర్ పద్ధతిలోనూ మూడు నెలల్లో రెండు మూడుసార్లు కుప్ప తిరగేయడం ఉంది. గడ్డపారతో చేసేది ఇక్కడ చేతిపిడితో చేస్తున్నారు.

మీ మాటలో ఒకటి మాత్రం కల్యాణి గారు తీసుకోవాలి, పేడ. పిడికెడు పచ్చి పేడ బకెట్టు నీళ్లలో కలిపి కాస్త చిలకరిస్తే సూక్ష్మజీవులు అందుతాయి. పేడ దొరక్కపోతే రెండు రోజుల పుల్ల మజ్జిగలో బెల్లం ముక్క. ఇప్పుడు మాత్రం వద్దు, ఉన్న తడి తగ్గాకే.

పేడనీళ్లు
అది అన్నందుకు థ్యాంక్స్ తమ్ముడూ. ఇంకోటి రాసుకోండి. పచ్చి ఎరువు వేస్తే మొక్క మాడుతుంది. 14 రోజులు అని పెట్టె మీద రాసినవాడు ఒక్క మొక్కయినా పెంచాడో లేదో. మా నాయన కుప్పలో చెయ్యి పెట్టి వేడి ఉంటే "ఇంకా ఉడుకుతుంది" అని వదిలేసేవాడు.

డ్రమ్ము_మూర్తి
14 రోజుల మాట పూర్తిగా అబద్ధం కాదు, సగం అబద్ధం. ఒకసారి గడ్డి కోతలు, చెరకురసం బండివాడి దగ్గర పిప్పి, పేడ అన్నీ ఒకేరోజు డ్రమ్ము ముప్పావు దాకా నింపా. మూడో రోజుకి లోపల 58 డిగ్రీలు చూపించింది. అది మూడు వారాల్లో నల్లబడింది, అయినా ఇంకో నెల ఉంచాల్సి వచ్చింది. రోజూ గుప్పెడు తొక్కలు వేసే ఇళ్లలో ఆ వేడి రాదు. 80 లీటర్ల అర అంటే చిన్న కుప్ప, పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది. దానికితోడు రోజుకి 40 చుట్లు తిప్పి ఉన్న వేడినీ విసనకర్రతో విసిరేస్తున్నారు. రెండు మూడు రోజులకోసారి ఐదారు చుట్లు చాలు.

కుండీల_కల్యాణి
మా అబ్బాయికి ఇక జిమ్ము ఉండదన్నమాట. ఇంకో డౌటు, కింద కారే నల్ల నీళ్లు టమాటా కుండీలో పోశా, బలం అని. రెండు మొక్కలు వాడిపోయాయి.

బీచ్‌రోడ్_రాధ
అది బలం కాదు, కుళ్లిన రసం. అసలు బిన్ను సరిగా నడుస్తుంటే అంత నీళ్లు కారవు. మరీ పారబోయలేకపోతే పది పన్నెండు పాళ్ల నీళ్లు కలిపి పెద్ద చెట్ల మొదట్లో పోయండి, కుండీల్లో వద్దు.

మట్టికుండ_మాలతి
ఊరగాయ పెచ్చులు, ఉప్పు వేసి వండిన కూరలు వేస్తున్నారా? ఉప్పు మట్టిలో పేరుకుంటుంది, కుండీ మొక్కలకి అది బాగా తెలుస్తుంది. చింతపండు పిప్పి కొద్దిగా అయితే ఫర్వాలేదు. ములక్కాడ పిప్పి చివకడానికి యుగాలు పడుతుంది, తిన్నవాళ్లు నమిలిన కొద్దీ మేలు.

కొత్తగా_చేరా
మిద్దె మీద బరువు సంగతి? నిండితే ఎంతుంటుంది?

డ్రమ్ము_మూర్తి
తడి సరుకు రెండు అరలూ నిండితే 80, 100 కిలోలు అనుకోండి. కింద గోడో దూలమో వచ్చే చోట పెట్టండి, స్లాబు నడిమధ్యలో వద్దు. బెజవాడ ఎండలకి నీడ కూడా చూసుకోవాలి, మే నెలలో నాది లోపల పూర్తిగా ఎండిపోయి ఎరువు కావడమే ఆగిపోయింది, చెంబుడు నీళ్లు చల్లాక మళ్లీ కదిలింది. వానాకాలం దీనికి పూర్తిగా రివర్సు, తలుపు సందులోంచి జల్లు పడుతుంది, రేకు ముక్క కప్పండి. కార్టులోంచి తీసేశానన్నారు కదా, మళ్లీ బరువెందుకు అడుగుతున్నారు?

కొత్తగా_చేరా
ఊరికే.

కుండీల_కల్యాణి
పది రోజుల తర్వాత చెప్తున్నా. ఆదివారం మొత్తం విప్పాం. టార్పాలిన్ మీద లోపలి సరుకంతా పోసి, గ్లవ్స్ తొడుక్కుని ఉండలన్నీ చిదిపా. మా ఆయన మాస్కు మీద మాస్కు వేసుకుని దూరం నుంచి పర్యవేక్షించారు. అడ్డు పలక గాడిలో కూర్చోబెట్టి రెండు స్క్రూలూ వేశాం. ఎండుటాకుల కోసం మా పక్క వీధి పార్కులో ఊడ్చే ఆవిడని అడిగితే రెండు గోనె సంచులు ఇచ్చింది, వారం వారం ఉంచుతానంది, వంద రూపాయలు చేతిలో పెట్టా. ఇప్పుడు వాసన మట్టి వాసనే. పురుగులు చాలావరకు పోయాయి, పిట్టగోడ మీదకి పాకినవాటిని మైనాలు ఏరుకు తిన్నాయి. పక్కింటావిడ "తీసేశారా ఆ డబ్బా" అని అడిగింది. ఉంది అంటే నమ్మడం లేదు.

పప్పులో_కాలు
ఆవిడకి ఒక లడ్డూ పంపండి.

ఆకుపచ్చ_అనిల్
ఇక ఎడమ అరలో కొత్తది వేయకుండా మూసేయండి. ఆరు వారాల తర్వాత జల్లెడ పట్టండి. అయిందో లేదో తెలియాలంటే గుప్పెడు ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి నాలుగు రోజులు ఉంచి వాసన చూడండి, కంపు కొడితే ఇంకా కాలేదు. లేకపోతే చిన్న కప్పులో ఆ ఎరువు వేసి మెంతులు చల్లండి, పక్కన మామూలు మట్టిలోనూ చల్లండి. రెండూ సమానంగా మొలిస్తే వాడేయొచ్చు.

కుండీల_కల్యాణి
ఏడు వారాలు. జల్లెడ పడితే ఎడమ అరలోంచి 11 కిలోలు వచ్చింది. నల్లగా, వాన పడ్డప్పటి నేల వాసన. పైన మిగిలినవి రెండు ములక్కాడ ముక్కలు, ఒక స్టికరు, ఆపిల్ మీది అనుకుంటా, మా అబ్బాయి ఎప్పుడో పోగొట్టుకున్న పెన్ను మూత. మెంతులు రెండు కప్పుల్లోనూ మూడో రోజుకి లేచాయి. ఏడు నెలల కష్టానికి ఈ పదకొండు కిలోలా అని మా ఆయన లెక్కలు వేస్తున్నారు, మూడు నెలలే అయింది, ఆయనకి ఏడు అనిపించిందట.

మొదటి గుప్పెడు అత్తయ్య తీసుకెళ్లి తులసి కోటలో వేశారు. నేనేం మాట్లాడలేదు.

బీచ్‌రోడ్_రాధ
మాట్లాడకండి. మూడో స్క్రూ ఎక్కడిదో తేలిందా?

కుండీల_కల్యాణి
తేలలేదు. ఫ్రిజ్ మీద స్టీలు గిన్నెలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మా ఆయన "ఎక్స్‌ట్రా" అంటారు.

పేడనీళ్లు
60 కుండీలకి 11 కిలోలు ఏం సరిపోతయి. ఈసారి హైదరాబాద్ వచ్చేటప్పుడు మా ఇంటి నుంచి ఒక బస్తా తెచ్చి ఇస్తా, తిప్పకుండా అయిన ఎరువు ఎట్లుంటదో చూద్దురు.

కుండీల_కల్యాణి
తప్పకుండా తెండి. మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

కొత్తగా_చేరా
నిన్న బిన్ను వచ్చింది. ఇందాకే బిగించడం అయింది. రాధ గారు చెప్పినట్టే సగం సగం ఎక్కించి చివర్లో బిగించా. నాకు ఐదు స్క్రూలు మిగిలాయి.